చెప్పకుండా అమ్మిన విషం

ఐఫోన్ తొలిసారి మార్కెట్లోకి వచ్చిన 2007లోనే యాపిల్‌కు కాలిఫోర్నియాలో ఒక నోటీసు అందింది. ఇయర్‌ఫోన్ తీగలో థాలేట్లు అనే రసాయనాలు ఉన్నా కొనేవారికి ఆ సంగతి చెప్పలేదంటూ సెంటర్ ఫర్ ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ అనే స్వచ్ఛంద సంస్థ ఆ నోటీసు పంపింది. తీగపై ఉన్న పీవీసీ ప్లాస్టిక్ తొడుగులో వీటి పాళ్లు 1.5 శాతమని అంతకుముందే పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ పరీక్షలో తేలింది. బిరుసు పీవీసీని మెత్తగా వంగేలా చేసేవి థాలేట్లే. అయితే అవి ప్లాస్టిక్‌ను అంటిపెట్టుకుని ఉండవు, మెల్లగా బయటికి వచ్చేస్తాయి. వీటిలో డీఈహెచ్‌పీ వంటివి సంతానోత్పత్తికి చేటు చేస్తాయని ఆ రాష్ట్రం ఎప్పుడో ప్రకటించింది.

ఆ నోటీసుకు ఆధారమైన చట్టం, అక్కడి ఓటర్లు 1986లో ఆమోదించిన ప్రొపోజిషన్ 65, ఏ వస్తువు అమ్మకాన్నీ నిషేధించదు. అందులో హానికర రసాయనం ఉంటే ఆ సంగతి చెప్పి అమ్ముకోమంటుంది, అంతే. చెప్పకపోతే ఒక్కో ఉల్లంఘనకు రోజుకు 2,500 డాలర్ల దాకా జరిమానా. ప్రభుత్వం కదలకపోతే నోటీసు ఇచ్చిన 60 రోజుల తర్వాత ఎవరైనా కోర్టుకెక్కవచ్చు, జరిమానాలో నాలుగో వంతు వారికే దక్కుతుంది. అందుకే ఇది వకీళ్ల వ్యాపారమైపోయిందన్న విమర్శ ఉంది. అందులో నిజం లేకపోలేదు. ఛార్జర్లు, కేబుళ్లు, ఫోను కవర్ల మీద నోటీసులు వస్తూనే ఉంటాయి. చాలావరకు రాజీతోనే ముగుస్తాయి. ‘తప్పు ఒప్పుకోవడం లేదు’ అన్న వాక్యం ఆ ఒప్పందాల్లో మామూలే. హెచ్చరిక చీటీలు చూసీచూసీ జనం పట్టించుకోవడమూ మానేశారు.

అయినా ఈ రాజీలను మేము తేలిగ్గా తీసిపారేయం. థాలేట్లను 0.1 శాతానికి మించనివ్వబోమని తయారీదారు రాసిచ్చే షరతు జరిమానా కన్నా విలువైనది. ఒక్క రాష్ట్రం కోసం వేరే తీగ తయారు చేయడం గిట్టుబాటు కాదు కనుక ఆ మేలు మిగతావారికీ అందుతుంది.

యూరప్ నాలుగు థాలేట్లను 2019 జులై నుంచి ఎలక్ట్రానిక్ వస్తువుల్లో కట్టడి చేసింది. మన ఈ-వ్యర్థాల నిబంధనలు మాత్రం 2022లో తిరగరాసినా సీసం, పాదరసం వంటి పాత ఆరు పదార్థాల దగ్గరే ఆగాయి. హైదరాబాద్ దగ్గరి కొంగరకలాన్‌లో తయారై ఎగుమతయ్యే ఇయర్‌ఫోన్లు విదేశీ ప్రమాణానికి లోబడక తప్పదు. ఆ నాలుగింటినీ కేంద్రం ఇక్కడి జాబితాలోనూ చేర్చాలి. వస్తువులో ఏమేం ఉన్నాయన్న వివరాలు వాడకపు పుస్తకంలో ఇస్తే చాలన్న నిబంధననూ మార్చి, పెట్టె మీదే అచ్చు వేయించాలి. కోఠిలో వంద రూపాయలకు కొనే ఛార్జింగ్ తీగతో ఏ పుస్తకమూ రాదు.