ఆలస్యం అప్పు తీసుకున్న దేశానిదేనా?

ప్రభుత్వ అప్పుల పునర్వ్యవస్థీకరణ, అంటే కట్టలేని అప్పును తగ్గించో గడువు పెంచో మళ్లీ రాసుకోవడం, ఏళ్ల తరబడి సాగడానికి అప్పు చేసిన ప్రభుత్వాల తాత్సారమే కారణమని మీ పత్రికలో వచ్చిన వ్యాసంలో వ్యాసకర్త రాశారు. అందులో కొంత నిజం ఉంది. కానీ అప్పిచ్చినవాళ్లు తమలో తాము తేల్చుకోలేకపోవడం గురించి ఒక్క ముక్కైనా లేకపోవడం నాకు బాధ కలిగించింది.

ఆఫ్రికా దేశం జాంబియానే చూడండి. 2020 నవంబరులో బాండ్ల (మదుపుదారులకు అమ్మిన అప్పు పత్రాల) వడ్డీ కట్టలేక చేతులెత్తేసింది. పేద దేశాల అప్పులను రుణదాత దేశాలు కలిసి సవరించేందుకు జీ20 పెట్టిన కామన్ ఫ్రేమ్‌వర్క్ కింద దరఖాస్తు చేసుకున్నా, చైనా, ఫ్రాన్స్ సహాధ్యక్షులుగా ఉన్న రుణదాత దేశాల కమిటీతో అంగీకారం కుదిరేసరికి 2023 జూన్ వచ్చింది. తర్వాత బాండ్‌హోల్డర్లతో (బాండ్లు కొన్నవాళ్లతో) కుదిరిన ఒప్పందాన్ని అదే కమిటీ నవంబరులో ఒప్పుకోలేదు. మేం వదులుకున్నంత బాండ్‌హోల్డర్లూ వదులుకోవాలి కదా అన్నది కమిటీ వాదన. అది న్యాయమైనదే. అయితే ఎవరెంత వదులుకున్నారో కొలిచే పద్ధతి మీద ముందే స్పష్టత ఉండొద్దా? పాత బాండ్లిచ్చి కొత్త షరతుల బాండ్లు తీసుకునే మార్పిడి 2024 జూన్‌లో గానీ పూర్తి కాలేదు. అన్నాళ్లూ ఆ టెన్షన్ మోసింది అక్కడి జనమే.

బాండ్ల వరకు కొంత మందు దొరికింది. అర్జెంటీనాలో 2005, 2010 మార్పిడులకు ఒప్పుకోని కొద్దిమంది న్యూయార్క్ కోర్టుకెళ్లారు, వాళ్లకు అనుకూలంగా వచ్చిన తీర్పు వల్ల 2014లో దేశం మళ్లీ ఎగవేతలో పడింది. ఇప్పుడు చాలా కొత్త బాండ్లలో, బాండ్లన్నీ కలిపి లెక్కేసిన విలువలో 75 శాతం ఉన్నవాళ్లు సరేనంటే మిగతావాళ్లూ కట్టుబడాలనే షరతు ఉంటోంది. ప్రభుత్వాలు నేరుగా ఇచ్చే అప్పులకు ఇలాంటి ఓటు లేదు. శ్రీలంక విషయంలో భారత్, జపాన్, ఫ్రాన్స్ ఒక కమిటీని నడిపితే, చైనా ప్రభుత్వ బ్యాంకైన ఎగ్జిమ్ బ్యాంకు విడిగా మాట్లాడుకుంది. పైగా కొన్ని ఒప్పందాల్లో గోప్యత షరతులు. అవతలివాడి లెక్క తెలియకుండా ఎవరు ముందడుగు వేస్తారు? వ్యాసకర్త దీని మీద కూడా రాయాలని కోరుతున్నాను.