సవరణ: పెద్ద టైర్లకు గేర్ రేషియో, తలకిందులైన నా లెక్క

2007–2018 మధ్య వచ్చిన జీప్ రాంగ్లర్ జేకే రూబికాన్‌కు 35 అంగుళాల టైర్లు వేస్తే 3.73 గేర్ రేషియో (చక్రం ఒక్క చుట్టు తిరగడానికి, యాక్సిల్‌కు శక్తినిచ్చే షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరగాలో చెప్పే అంకె) సరిపోతుందని మొన్న రాశాను. అది పూర్తిగా తప్పు. గుణించాల్సిన చోట భాగించేశాను.

టైరు పెద్దదైతే ఒక్కో చుట్టుకు బండి ఎక్కువ దూరం పోతుంది, ఇంజిన్‌కు లాగడం కష్టమవుతుంది. అందుకే రేషియో అంకె పెరగాలి. కంపెనీ టైరు సుమారు 32 అంగుళాలు, చాలా బళ్లలో రేషియో 4.10. దాన్ని 35తో గుణించి 32తో భాగిస్తే 4.48 వస్తుంది. దొరికే క్రౌన్-పినియన్ సెట్లలో (యాక్సిల్ లోపల ఈ రేషియోను నిర్ణయించే గేర్ల జతలు) దగ్గరిది 4.56. టైరు 37 అంగుళాలైతే 4.74 వస్తుంది కాబట్టి 4.88 తీసుకోండి. ఇనుప బంపర్, వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం) కూడా మోస్తుంటే నేనైతే ఇంకో మెట్టు పైకే వెళ్తాను.

ఇంతకంటే ప్రమాదకరమైన తప్పు ఇంకొకటి ఉంది. ఖర్చు తగ్గాలంటే వెనక యాక్సిల్ ఒక్కటే మార్చుకోవచ్చని రాశాను. ఆ వాక్యం కొట్టేయండి. రేషియోలు వేరైతే, గట్టి నేల మీద ఫోర్ వీల్ వేయగానే ముందు వెనక యాక్సిళ్లు ఒకదానితో ఒకటి పెనుగులాడతాయి. ట్రాన్స్‌ఫర్ కేసో (ముందు వెనక యాక్సిళ్లకు శక్తిని పంచే గేర్ పెట్టె), షాఫ్టో పోతుంది. మార్చితే రెండూ మార్చాలి. కొత్త రేషియో, టైరు కొలత బండి కంప్యూటర్‌లోనూ ఎక్కించాలి.