క్షామమా, క్షేమమా: ఒక గుణింతపు సమస్య

క్షామానికీ క్షేమానికీ మధ్య ఉన్న దూరం ఒక్క గుణింతపు గుర్తు మాత్రమే. దీర్ఘం తీసి ఏత్వం పెడితే చాలు, కాగితం మీద లోకమంతా సుభిక్షంగా కనిపిస్తుంది. ఇంత చిన్న దిద్దుబాటుతో తీరిపోయే సమస్య కోసం ప్రపంచ దేశాలు అర్ధ శతాబ్దంగా ఎందుకు మహాసభలు పెడుతున్నాయో నాకు చాలాకాలం బోధపడలేదు. కొంత పరిశీలించిన మీదట తెలిసిందేమంటే, వారు కూడా ఇన్నాళ్లూ గుణింతాన్నే దిద్దుతున్నారు. అన్నం సంగతి తరవాతి పాఠంలో ఉన్నట్టుంది.

మొదట గడువుల విషయం. 1974లో రోమ్‌లో జరిగిన ప్రపంచ ఆహార సదస్సులో అమెరికా విదేశాంగ మంత్రి హెన్రీ కిసింజర్, పదేళ్లు గడిచేసరికి ఏ బిడ్డా ఆకలితో నిద్రపోయే అవసరం ఉండదని ప్రకటించారు. పదేళ్లు గడిచేసరికి 1984 వచ్చింది, దానితోపాటు ఇథియోపియా క్షామం వచ్చింది. 1996లో మళ్లీ రోమ్‌లోనే సమావేశమై, ఆకలిగొన్నవారి సంఖ్యను 2015 నాటికి సగానికి తగ్గిస్తామని ఒప్పుకున్నారు. నాలుగేళ్లకు న్యూయార్క్‌లో, ఐక్యరాజ్యసమితి సహస్రాబ్ది సభలో, ఎవరో మేధావికి మెలకువ వచ్చి ఉండాలి, ‘సంఖ్య’ అన్న మాట తీసి ‘నిష్పత్తి’ అన్న మాట పెట్టారు. జనాభా పెరుగుతూ ఉంటే ఒక్క ఆకలిగొన్న మనిషి కూడా తగ్గకుండానే నిష్పత్తి తగ్గుతుందన్న సంగతి లెక్కలు వచ్చిన ఎవరికైనా తెలుసు. అదీ చాలలేదేమో, లెక్క మొదలయ్యే సంవత్సరాన్ని 1990కి జరిపారు. పరుగు పందెంలో గమ్యాన్ని దగ్గరకు తెచ్చుకున్నవారిని చూశాం గాని, బయలుదేరే గీతను వెనక్కి జరిపి, పరుగెత్తకముందే కొంత దూరం గెలిచినవారిని చూడటం అరుదు. 2015లో సగం మాట వదిలేసి, 2030కల్లా ఆకలి సున్నా కావాలన్నారు. 2024లో ఐక్యరాజ్యసమితి సంస్థల అంచనా ప్రకారం ఆకలితో ఉన్నవారు సుమారు 67 కోట్లు. ముప్పై ఏళ్ల కిందటి లెక్కతో పోలిస్తే ఇది తగ్గుదలే, కాదనను. సున్నాకు మాత్రం ఇంకా కొంచెం ఎడం ఉంది.

ధాన్యం చాలకనా అంటే, అదీ కాదు. ఏటా పండే తృణధాన్యాలు 280 కోట్ల టన్నులకు అటూ ఇటూ ఉంటాయి. పసిపిల్లలతో సహా తలకు దాదాపు 350 కిలోలు. 2022లో ఇళ్లలో, హోటళ్లలో, దుకాణాల్లో వ్యర్థమైన ఆహారమే 105 కోట్ల టన్నులని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్కగట్టింది. ఇంత తిండిని ఆకలికి దూరంగా ఉంచగలగడం కూడా ఒక రకమైన ఆహార భద్రతే.

అసలు రసవత్తరమైన ఘట్టం క్షామ నిర్వచనం. 2004లో సోమాలియా కోసం రూపొంది, తరవాత దేశదేశాలకు వ్యాపించిన అయిదు మెట్ల కొలబద్ద ఒకటి ఉంది. అయిదో మెట్టు క్షామం. ఆ మెట్టెక్కాలంటే ఒక ప్రాంతంలో ప్రతి అయిదు కుటుంబాల్లో ఒకటి తిండికి పూర్తిగా మొహం వాచి ఉండాలి, పిల్లల్లో నూటికి ముప్పై మంది తీవ్రమైన పోషకాహార లోపంతో కృశించి ఉండాలి, రోజుకు ప్రతి పదివేల మందిలో కనీసం ఇద్దరు ఆకలి వల్లనో, ఆకలి తోడుతెచ్చిన జబ్బు వల్లనో చనిపోతూ ఉండాలి. రోజుకు ఒకటిన్నర మంది చొప్పున చనిపోయే ప్రాంతం ఎంత ప్రయత్నించినా ‘అత్యవసర స్థితి’ అనే నాలుగో మెట్టు దగ్గరే ఆగిపోతుంది. ఇందులో కొలిచేవారి తప్పేమీ లేదని మర్యాదగా ఒప్పుకోవాలి, ఎందుకంటే వారు మూడో మెట్టు నుంచే కేకలు పెడుతూ ఉంటారు. అయితే దాతల చెవులకు అయిదో అంకె మాత్రమే వినిపిస్తుంది. సోమాలియా విషయంలో ముందు ఏడాదే హెచ్చరికలు వెలువడగా, క్షామ ప్రకటన 2011 జులై 20న వచ్చింది. మొత్తం మృతులు సుమారు 2,60,000 మంది. వారిలో దాదాపు సగం మంది ఆ తేదీ వరకు ఆగలేకపోయారు.

ఈ విషయంలో ఆకలిగొన్నవారి వైపు నుంచి కూడా కొంత అలక్ష్యం ఉన్నదని చెప్పక తప్పదు. కొలిచే మనుషులు రాకముందే చనిపోయేవారు, ఊరు విడిచి దారిలో ప్రాణం వదిలేవారు లెక్కను ఎంత పాడుచేస్తున్నారో ఆలోచించరు.

ప్రభుత్వాలు మాత్రం ఈ శాస్త్రాన్ని చక్కగా ఒంటబట్టించుకున్నాయి. దీనికి మార్గదర్శకులు 1943 నాటి బెంగాల్ పాలకులు. క్షామాన్ని ప్రకటిస్తే క్షామ నిబంధనావళి ప్రకారం పనీ తిండీ చూపించాలి కనుక, వారు అసలు ప్రకటించనే లేదు. 20 నుంచి 30 లక్షల మంది ప్రకటన లేకుండానే పోయారు. సూడాన్ ప్రభుత్వం దీన్ని మెరుగుపరిచింది. 2024 ఆగస్టులో ఆ దేశంలోని నిర్వాసితుల జంజం శిబిరంలో క్షామం ఉందని తేలితే, డిసెంబరులో ఆ కొలత వ్యవస్థ నుంచే తప్పుకుంది. 2025 ఆగస్టులో గాజాలో క్షామం నిర్ధారణ అయినప్పుడు, తప్పంతా నివేదికదేనని ఇజ్రాయెల్ ప్రభుత్వం తేల్చింది. పౌరులను పస్తులుంచడం యుద్ధ పద్ధతి కారాదని భద్రతా మండలి 2018లోనే 2417వ తీర్మానంగా ఏకగ్రీవంగా ఆమోదించింది కనుక, ఆ తరవాత పస్తులున్నవారంతా తీర్మానానికి విరుద్ధంగా ఉన్నట్టే లెక్క.

అన్నిటికన్నా పొదుపైన పద్ధతిని అమెరికా కనిపెట్టింది. ఇథియోపియా అనుభవం తరవాత 1985లో తానే నెలకొల్పిన క్షామ ముందస్తు హెచ్చరిక వ్యవస్థను, విదేశీ సాయాన్ని నిలిపివేయడంలో భాగంగా 2025 జనవరిలో ఆపేసింది. గంట విప్పేస్తే మంట దానంతటదే ఆరుతుందన్న సూత్రం ఇందులో ఇమిడి ఉంది. కొన్ని నెలలకు ఆ గంటను మళ్లీ కట్టడం నాకైతే నిరాశ కలిగించింది. అయినా అదే ఏడాది సెప్టెంబరులో, సొంత దేశంలో ఎన్ని ఇళ్లలో తిండికి కటకట ఉందో ఏటా చెప్పే నివేదికను కూడా ఇకపై వెలువరించబోమని ప్రకటించి, పరాయివారికీ తనవారికీ భేదం చూపదని రుజువు చేసుకుంది.

ఇంత నైపుణ్యం ఉన్నవారు ఒక్కచోట తడబడ్డారు. ఆకలిగొన్న పిల్లల కోసం కొని దుబాయ్ గిడ్డంగిలో ఉంచిన బలవర్ధక బిస్కెట్లలో సుమారు 500 టన్నులను 2025 జులైలో తగలబెట్టాలని నిర్ణయించారు. కారణం అడిగితే గడువు తీరిపోయిందన్నారు. 1974 నుంచి ఆకలికి పెట్టిన ప్రతి గడువునూ అవలీలగా పొడిగిస్తూ వచ్చిన లోకానికి, ఆ బిస్కెట్ల గడువు దగ్గరే నిబంధన గుర్తొచ్చింది.