అమ్మకు తగిన చోటు: ఎంపిక సంఘం నివేదిక

వృద్ధాశ్రమం ఎంపిక ఎంతో బాధ్యతగల పని. అందుకే అక్కడ ఉండబోయే మనిషికి దాన్ని అప్పగించకూడదు. ఈ మూలసూత్రం మీదే మా ఇంట్లో ఎంపిక సంఘం ఏర్పడింది. అన్నయ్య అధ్యక్షుడు, వేరే దేశంలో ఉంటాడు కనుక నిష్పక్షపాతంగా ఆలోచించగలడు. చెల్లెలు కార్యదర్శి. నేను క్షేత్ర పరిశీలకుణ్ణి, అంటే కారున్నవాణ్ణి. అమ్మ లబ్ధిదారు. లబ్ధిదారులను సమావేశాలకు పిలిచే ఆనవాయితీ ఎక్కడా లేదు కదా!

ముందు బ్రోషర్లు తెప్పించాం. వాటిలోని వృద్ధులు చదరంగం ముందు కూర్చుని, ఒక్క పావూ కదపకుండా నవ్వుతూ ఉంటారు. ఒక్కరికీ పన్ను ఊడి ఉండదు. ఇంత ఆనందం మన ఇంట్లో ఎప్పుడైనా చూశామా అని చెల్లెలు కళ్లు తుడుచుకుంది.

వృద్ధులకు ఎంత సాయం కావాలో తేల్చడానికి సిడ్నీ కాట్జ్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 1963లో ఒక కొలమానం ప్రకటించారు. స్నానం, బట్టలు వేసుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లడం, మంచం దిగడం, మలమూత్రాలను ఆపుకోగలగడం, తినడం: ఈ ఆరింటిలో మనిషి తనంతట తాను చేసుకోగలిగినవి ఎన్ని అన్నదే లెక్క. సంఘం దీన్ని కూలంకషంగా చర్చించి పక్కన పెట్టింది. అందులో ఫౌంటెన్ ఊసే లేదు. మా ఆరూ మేమే రాసుకున్నాం: ఫౌంటెన్, లాబీ, పార్కింగ్, వైఫై, విమానాశ్రయానికి దూరం (అధ్యక్షుల వారి సవరణ), బంధువుల దగ్గర చెప్పుకోదగ్గ పేరు. పేరులో ‘ఆశ్రమం’ ఉంటే సున్నా, ‘విల్లా’ ఉంటే పదికి పది.

నర్సుగా పనిచేసే చెల్లెలి స్నేహితురాలు మధ్యలో దూరింది. రాత్రి రెండు గంటలకు ఎంతమందికి ఒక ఆయా ఉంటుంది? కదలలేని వాళ్లను పుండ్లు పడకుండా వేళకు పక్కకు తిప్పుతారా? ఆరోగ్యం క్షీణిస్తే గది ఖాళీ చేయాలన్న షరతు ఒప్పందంలో ఉందా? చెప్పకుండా వెళ్లి చూడమని కూడా అంది. చెప్పాపెట్టకుండా ఒకరి గడప తొక్కే అలవాటు మా వంశంలో లేదు. ఒప్పందం మాత్రం చదివాం, సంతకం చేసే చోటు వరకు కాదు, సంతకం చేసే చోటు.

చెప్పే వెళ్లాం. ఇంట్లో ఒంటరిగా వదలలేక అమ్మను కూడా తీసుకెళ్లాం. దారిలో చెల్లెలు ఫోనులో ఒక పరిశోధన చదివి వినిపించింది. 1976లో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అమెరికాలోని ఒక వృద్ధుల వసతిలో కొందరికి నచ్చిన మొక్క ఎంచుకుని మీరే పెంచుకోండన్నారట. మరికొందరికి మొక్క చేతికిచ్చి నర్సులే చూసుకుంటారన్నారట. మూడు వారాలకు మొదటివాళ్లే ఎక్కువ చురుగ్గా కనిపించారట. “అంటే మొక్కలుండాలన్నమాట” అని తేల్చి, ఏడో షరతుగా చేర్చింది.

స్నానాల గదిలో పిలుపు గంట తాడును ఎవరో పైన కమ్మీకి చుట్టి ముడివేశారు. నేనే మునివేళ్ల మీద లేస్తే గానీ అందలేదు. “ఊరికే లాగేస్తుంటారండీ” అన్నాడు మేనేజర్. ‘పిలుపు గంట: ఉంది’ అని రాసుకున్నాను.

అమ్మ గది తలుపు వెనక చూస్తోంది. “లోపలి గడియ ఏది నాయనా?”

“మీ భద్రత కోసం తీసేశామమ్మా.”

“మరి తలుపు కొట్టి వస్తారా?”

మేనేజర్ ముచ్చటపడి నవ్వాడు. మేమూ నవ్వాం.

బయట వరండాలో అమ్మ ఒక కుండీ దగ్గర ఆగి, ఆకు పట్టుకుని చూసింది. “దీనికి నీళ్లు పోయనక్కర్లేదమ్మా, ప్లాస్టిక్‌ది” అన్నాడు మేనేజర్. అమ్మ వేలికి అంటిన దుమ్మును కాసేపు చూసుకుని చీర చెంగుకు తుడుచుకుంది.

పచ్చదనానికి పదికి తొమ్మిది వేశాం.