దద్దు చూసి తట్టు అనేయడం ఇక చెల్లదు

పిల్లలకు జ్వరం వచ్చి ఒంటిమీద ఎర్రగా దద్దు తేలితే మన ఇళ్లలో తీర్పు ఐదు నిమిషాల్లో వచ్చేస్తుంది. పల్లెలో అయితే ఓ పెద్దావిడ చూసి ‘అమ్మవారు పోసింది, తట్టు’ అంటుంది. గుమ్మానికి వేపమండలు, ఇంట్లో తాలింపు బంద్, డాక్టరూ బంద్. పట్నం అపార్ట్‌మెంట్‌లో ‘ఏదో వైరల్, లేదంటే అలర్జీ’ అంటారు, మెడికల్ షాపు నుంచి సెట్రిజిన్ సిరప్ వస్తుంది. రెండూ కంటితో చూసి చెప్పినవే, రెండింటినీ నమ్మలేం. జ్వరంతో పాటు దద్దు వచ్చిన ప్రతి బిడ్డకూ రక్తపరీక్ష జరగాల్సిందే.

అమ్మమ్మలకు ఏమీ తెలియదని కాదు. టీకా లేని రోజుల్లో తట్టు రాని పిల్లలు అరుదు. అప్పుడు ఎవరు ‘తట్టు’ అన్నా చాలాసార్లు నిజమయ్యేది. ఇప్పుడు 9 నెలలు నిండగానే ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య ఇంకొకటి ఎంఆర్ (మీజిల్స్ అంటే తట్టు, రుబెల్లా) టీకా పడుతోంది. 2017లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 15 ఏళ్ల లోపు పిల్లలకు ప్రత్యేకంగా వేశారు కూడా. అసలు తట్టు తగ్గేసరికి, దానిలాగే కనబడేవి ముందుకొచ్చాయి: రుబెల్లా, డెంగీ, పార్వో వైరస్, స్కార్లెట్ ఫీవర్, మందు పడక వచ్చే దద్దు. ఒకప్పుడు చాలాసార్లు నెగ్గిన అంచనా ఇవాళ ఎక్కువసార్లు ఓడిపోతుంది. అంచనా వేసే మనిషి తెలివి తగ్గి కాదు, ఊళ్లో తిరిగే జబ్బులు మారి.

తట్టుకు ఓ వరస ఉంది. మూడు నాలుగు రోజులు గట్టి జ్వరం, దగ్గు, ముక్కు కారడం, ఎర్రబడ్డ కళ్లు. బుగ్గల లోపల ఉప్పు రవ్వల్లాంటి తెల్లచుక్కలు. ఆ తర్వాతే చెవుల వెనక, నుదుటిమీద దద్దు మొదలై కిందికి దిగుతుంది. డెంగీ దద్దు చాలాసార్లు జ్వరం దిగే వేళకు కనబడుతుంది. ‘జ్వరం తగ్గింది, లోపలిదంతా బయటికి వచ్చేసింది’ అని ఇంట్లో ఊపిరి పీల్చుకుంటారు. రక్తనాళాల్లోంచి ద్రవం కారి బీపీ పడిపోయే ప్రమాదం ఉన్నది సరిగ్గా ఆ ఒకటి రెండు రోజుల్లోనే.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది మాత్రం రోజియోలా. రెండేళ్ల లోపు పిల్లలకు మూడు నుంచి ఐదు రోజులు విపరీతమైన జ్వరం ఇచ్చి, జ్వరం దిగాక దద్దు చూపించి పోయే వైరస్ ఇది. రెండో రోజే టెన్షన్‌తో పెన్సిలిన్ జాతి యాంటీబయాటిక్ అమాక్సిసిలిన్ పట్టిస్తారు. నాలుగో రోజు దద్దు తేలుతుంది. నేరం మందు మీదికి పోతుంది, ‘మావాడికి పెన్సిలిన్ పడదు’ అన్న మాట జీవితాంతం ఆ పిల్లాడి ఫైలులో ఉండిపోతుంది. రేపు అవసరమైన రోజున చవకైన మంచి మందు పక్కనపెట్టి ఖరీదైనది రాయాల్సి వస్తుంది.

ఈ దద్దుల్లో చాలావరకు వాటంతటవే తగ్గిపోతాయి, ప్రతి పిల్లాడికీ సూది గుచ్చడం దండగ అనే డాక్టర్లు ఉన్నారు. ఆ ఒక్క బిడ్డ వరకే చూస్తే నిజమే కావచ్చు. కానీ దద్దు కనబడటానికి నాలుగు రోజుల ముందు నుంచే తట్టు అంటుకుంటుంది, రక్షణ లేనివాళ్లు దగ్గరుంటే పదిమందిలో తొమ్మిదిమందికి సోకుతుంది. 2022లో ముంబయి గోవండీ బస్తీల్లో చెలరేగి పిల్లల ప్రాణాలు తీసింది. తట్టును నిర్మూలించామని అమెరికా 2000లో ప్రకటించుకుంది. 2025లో పడమటి టెక్సస్‌లో అది మళ్లీ విరుచుకుపడి, టీకా వేయించుకోని ఇద్దరు పిల్లలు చనిపోయారు. మన కుర్ర డాక్టర్లలోనూ చాలామందికి తట్టు అంటే పుస్తకంలో ఫొటోనే. కాబట్టి లేని తట్టును ఊహించుకోవడం ఎంత సులువో, ఉన్నదాన్ని అలర్జీ అనుకోవడమూ అంతే సులువు.

అసలు గొడవ దద్దుతో ఆగదు. జబ్బు పేరు తేలకముందే మందు మొదలుపెట్టడం మన వైద్యానికి అలవాటైపోయింది. ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్, షాపులో చీటీ లేకుండా యాంటీబయాటిక్, కార్పొరేట్ ఆస్పత్రిలో మూడు మందులు కలిపిన సెలైన్. ఇదయ్యాక పరీక్ష చేస్తే ఏది జబ్బు తెచ్చిన దద్దో, ఏది మందు తెచ్చిన దద్దో తేల్చడం ఏ ప్రొఫెసర్‌కైనా తలనొప్పే. యాంటీబయాటిక్స్ పనిచేయడం లేదని సెమినార్లు పెట్టే ప్రభుత్వాలు, పీహెచ్‌సీలో ఓ రక్తం నమూనా తీసి ల్యాబ్‌కు పంపే పనిని మాత్రం చిన్నచూపు చూస్తాయి.

ఆ నమూనాకు కొలమానం ఎప్పుడో ఖరారైంది. ఏటా లక్ష జనాభాకు కనీసం ఇద్దరినైనా పరీక్షించి ‘ఇది తట్టు కాదు, రుబెల్లా కాదు’ అని తేల్చిన జిల్లాలోనే తట్టుపై నిఘా పనిచేస్తున్నట్టు లెక్క. ‘మా దగ్గర కేసులు సున్నా’ అని చెప్పే జిల్లా వైద్యాధికారిని విలేకర్లు ముందు అడగాల్సింది, పరీక్షించి ‘కాదు’ అని తేల్చినవాళ్లు ఎందరన్న ఈ లెక్కే.