నూరు శాతం గోల

మా చెన్నై వీధి మలుపులో ఓ ప్రైవేటు స్కూలు ఫ్లెక్సీ కట్టింది. పదో తరగతిలో నూటికి నూరు శాతమట, కింద వరుసగా పాస్‌పోర్టు ఫోటోలు. అది చూసినప్పటి నుంచి ఎదురింటి అత్తయ్య ఊరుకోవడం లేదు. "ఇంకా ఆ కార్పొరేషన్ బడికేనా మీవాడు?"

తొమ్మిదిలో వెనకబడ్డ పిల్లల చేతిలో టీసీ పెట్టి పంపేస్తే ఎవరికి రాదు నూరు? ఆ టీసీలు పట్టుకుని వచ్చేది మా బడికే. జూన్‌లో నేనే చూశాను, ఆఫీసు గది ముందు తలొంచుకుని నిలబడ్డ ముగ్గురిని. వాళ్లు పరీక్ష తప్పితే శాతం పడిపోయేదీ మా బడికే!

తమిళనాడులో సర్కారు బడి పిల్లలకు 2020 నుంచి మెడికల్ సీట్లలో 7.5 శాతం కోటా ఉంది. ఆ శాతం మాత్రం అత్తయ్యకు కంఠతా వచ్చు. "మీకేంలే, కోటా ఉందిగా!"