పదో గుర్రానికి తోక ఏది?

ప్రపంచంలో గుర్రాలను దశాంశాల్లో కొనే జాతి ఒక్కటే ఉంది. ఏటి మీద వేటకూ చేపలకూ వెళ్లే జాతి. వీళ్ల అంగడిలో రెండున్నర గుర్రాలు దొరుకుతాయి, మూడున్నర దొరుకుతాయి, తొమ్మిది పాయింట్ ఎనిమిది, తొమ్మిది పాయింట్ తొమ్మిది కూడా దొరుకుతాయి. నిండుగా పది కావాలని అడిగి చూడండి. షాపాయన మిమ్మల్ని కిందినుంచి పైదాకా ఒకసారి చూసి, ఏమీ మాట్లాడకుండా 9.9 దగ్గరికి తీసుకెళ్తాడు.

ఇది నవ్వులాట వ్యవహారం కాదు. చిన్న పడవ వెనక పలకకు తగిలించుకునే అవుట్‌బోర్డ్ మోటారు ఎన్ని గుర్రాల బలం, అంటే ఎన్ని హార్స్‌పవర్, ఉన్నది కొనాలన్న ప్రశ్న అలాస్కాలో, సైబీరియాలో, విస్కాన్సిన్‌లో అన్నదమ్ముల మధ్య మాటలు లేకుండా చేయగలదు. మన దగ్గర 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక తుపాకీ పట్టుకుని పడవెక్కే ముచ్చట లేదు కాబట్టి, తెలుగు మేధావులు ఈ రంగాన్ని పూర్తిగా గాలికొదిలేశారు. అమెరికాలో స్థిరపడి, శనాదివారాలు గాలం పట్టుకుంటున్న మనవాళ్లు మాత్రం ఇందులో దిగి టెన్షన్ పడుతున్నారు. వాళ్ల మేలు కోరి, పూర్తి బాధ్యతతో రాస్తున్నాను.

ముందు చరిత్ర. ఈ పరిశ్రమకు మూలం ఐస్‌క్రీమ్. నార్వేలో పుట్టి అమెరికా చేరిన ఓలే ఎవిన్‌రూడ్ అనే మెకానిక్ ఒక ఎండాకాలం విస్కాన్సిన్ సరస్సు మీద, కాబోయే భార్య బెస్ అడిగిందని ఐస్‌క్రీమ్ కోసం తెడ్లు వేసుకుంటూ వెళ్లాడనీ, తిరిగొచ్చేసరికి అది కరిగిపోయిందనీ, ఆ బాధలోంచి మోటారు పుట్టిందనీ చెబుతారు. 1909లో ఆయన అమ్మకానికి పెట్టిన మోటారు బలం ఒకటిన్నర గుర్రం, బరువు 62 పౌండ్లు, ధర 62 డాలర్లు. పౌండుకు డాలరు చొప్పున, తూకానికి. ఇంత నిజాయితీగల ధరల పట్టిక ఈ రంగంలో మళ్లీ కనిపించలేదు. తెడ్లు అవతల పారేయమని జనానికి చెప్పే ప్రకటన బెస్ చేత్తోనే తయారైంది. 2020లో ఆ బ్రాండు మోటార్ల తయారీయే ఆగిపోయింది. ఆనాడు పెద్దల మాట విని తెడ్లు పారేసిన కుటుంబాలకు నష్టపరిహారం గురించి ఎవరూ నోరు విప్పడం లేదు.

ఇక ఆ తగ్గిన పదోవంతు గుర్రం సంగతి. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు చాలా చెరువులకూ రిజర్వాయర్లకూ పది హార్స్‌పవర్ పరిమితి పెట్టాయి. పది దాటకూడదంటే నిక్షేపంగా పదే పెట్టుకోవచ్చు కదా అంటారా? మీరు ఎప్పుడూ యూనిఫాం వేసుకున్న మనిషితో ఒడ్డున నిలబడి వాదించలేదన్నమాట. పది లోపు అంటే అందులో పది వస్తుందా రాదా అని తేలేసరికి చేపల సీజన్ ముగుస్తుంది. కంపెనీలకు ఇది ముందే అర్థమైంది. పదో గుర్రానికి తోక కత్తిరించి పంపిస్తున్నాయి. తోక లేని గుర్రాన్ని ఏ ఇన్‌స్పెక్టరూ ఆపలేడు.

రష్యావాళ్లు దీన్ని శాస్త్రం స్థాయికి తీసుకెళ్లారు. 2012 నాటి చట్టం ప్రకారం అక్కడ 200 కిలోలు మించని పడవకు 8 కిలోవాట్లు మించని మోటారు ఉంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 8 కిలోవాట్లంటే వాళ్ల లెక్కలో 10.88 గుర్రాలు. ఇక్కడ పాఠకులు ఒక సాంకేతిక విషయం గమనించాలి. చాలా మోడళ్లలో 9.9 మోటారూ 15 మోటారూ లోపల ఒకటే. గాలీ పెట్రోలూ వెళ్లే దారిలో చిన్న అడ్డు పెడితే పదిహేను గుర్రాలు కాస్తా తొమ్మిది పాయింట్ తొమ్మిది అవుతాయి. ఆ అడ్డు తీసేస్తే... తీసేయమని నేను అనడం లేదు. ఓబ్, యెనిసెయ్, లేనా నదుల మీద కూడా ఎవరూ తీయడం లేదనే మనం నమ్మాలి. 9.9 స్టిక్కరున్న మోటారు ఇద్దరు మనుషుల్ని, రెండు పీపాల పెట్రోలుని, ఒక కుక్కని, నెలకు సరిపడా సామాన్ని వేసుకుని ఏటికి ఎదురు దూసుకుపోతుంటే, అది కేవలం సైబీరియా గాలి మహత్యం. కాగితం మీద తక్కువ, నీళ్ల మీద ఎక్కువ. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో స్థలం విలువ రాయించుకున్న తెలుగువాడికి ఇంతకంటే విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

సోవియట్ కాలంలో ఈ బాధ ఉండేది కాదు. వెతెరోక్ మోటారంటే 8 లేదా 12, వీఖర్ అంటే 20, 25, 30. గుర్రాలన్నీ సర్వావయవాలతో ఉండేవి. పొద్దున్నే లేచేవా అన్నది వేరే చర్చ.

చిన్న గుర్రాల్లోనూ ఇదే తంతు. తోహత్సు అనే జపాన్ కంపెనీ అమ్మే 4, 5, 6 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ మోటార్లు మూడింటిలోనూ ఉన్నది ఒకే 123 సీసీ ఇంజిన్. బరువు కూడా ఇంచుమించు ఒకటే, పాతిక కిలోల పైచిలుకు. అంటే నాలుగు గుర్రాలు కొన్నవాడు ఆరు గుర్రాలనూ మోస్తాడు, రెండింటిని డబ్బాలోనే కట్టేసి ఉంచుకుంటాడు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్న పెద్దలు అవుట్‌బోర్డ్ మోటారును చూడకుండానే ఆ మాట అన్నారంటే నాకు నమ్మకం కుదరదు.

బరువు గురించి ఒక్క మాట. వీటన్నిటినీ కంపెనీలు పోర్టబుల్ విభాగంలో పెడతాయి. పోర్టబుల్ అంటే పైన ఒక పిడి ఉందని అర్థం. టూ స్ట్రోక్ 9.8 అయితే 26 కిలోలు, ఫోర్ స్ట్రోక్ 9.9 అయితే 40 కిలోలకు అటూ ఇటూ. కారు డిక్కీ నుంచి బురద ఒడ్డు దిగి పడవ దాకా దాన్ని చిరునవ్వుతో మోసుకెళ్లేవాళ్లు రెండు రకాలు: బ్రోచర్లో ఫొటో దిగినవాళ్లు, దొంగలు.

సరే, అసలు ఎంత బలం కావాలి? ఇక్కడే జనం దారుణంగా మోసపోతున్నారు, అదీ తమ చేతుల్లోనే. అందరూ వేసుకునే లెక్క పొద్దున వెళ్లేటప్పటిది. పడవ ఖాళీ, ఒళ్లు తేలిక, ప్రవాహం మన వైపు. అప్పుడు రెండున్నర గుర్రాలు కూడా మహారాజు రథంలా పోతాయి. మోస్తున్నది ఏరు, మెప్పు మోటారుకి. సాయంత్రం కథ వేరు. అలాస్కాలో పడవల మీద వెళ్లి వేటాడేది మూస్ అనే దుప్పిని. మన అడవుల దుప్పిని ఊహించుకోకండి. ముదురు మగది 700 కిలోలు కూడా తూగుతుంది. కొమ్ములు, తోలు, ఎముకలు పోగా మాంసమే రెండు వందల కిలోల పైన వస్తుంది. తినదగ్గ మాంసాన్ని అడవిలో వదిలేసి రావడం అక్కడ నేరం. కాబట్టి చీకటి పడే వేళ, ఇద్దరు మనుషులు, రెండు వందల కిలోల మాంసం, ఎదురు ప్రవాహం, మధ్యలో మీరు బేరమాడి తెచ్చిన ఆరు గుర్రాలు.

ఇప్పుడు భౌతికశాస్త్రం రంగంలోకి దిగుతుంది. నీటిని చీల్చుకుంటూ పోయే పడవ వేగానికి దాని పొడవే హద్దు. పద్నాలుగు అడుగుల పడవకు ఆ హద్దు సుమారు ఐదు నాట్లు, అంటే గంటకు 9 కిలోమీటర్ల పైన కొంచెం. అది దాటాలంటే పడవ నీటి మీదికి లేచి జారాలి. అంత బరువుతో లేవడం ఆరు గుర్రాల వల్ల కాదు. ఏరు గంటకు 8 కిలోమీటర్ల వేగంతో వస్తోందనుకోండి. మీ మోటారు శక్తివంచన లేకుండా అరుస్తూ మిమ్మల్ని గంటకు ఒక కిలోమీటరు చొప్పున ఇంటివైపు తీసుకెళ్తుంది. ఒడ్డున ఒక స్ప్రూస్ చెట్టు ఉంటుంది. చాలాసేపు ఉంటుంది. దానికి ఎన్ని కొమ్మలున్నాయో మీకు కంఠతా వచ్చే సమయానికి పెట్రోలు అయిపోతుంది. అందుకే ఈ విషయంలో నా అభిప్రాయం స్థిరంగా ఉంది. వేటగాడి మోటారును మనిషి ఎంచుకోకూడదు, దుప్పి ఎంచాలి. దుప్పిని సంప్రదించే ఏర్పాటు మాత్రం ఇంతవరకూ ఏ ప్రభుత్వమూ చేయలేదు.

ప్రభుత్వాలు కనీసం నది మాట విన్న చోటు ఒకటుంది. అలాస్కాలోని కెనాయ్ నది. 1985లో లెస్ ఆండర్సన్ ఇక్కడే 97 పౌండ్ల 4 ఔన్సుల కింగ్ సాల్మన్‌ను గాలంతో పట్టాడు. అంటే 44 కిలోల చేప. అప్పటినుంచి ఆ నదికి పడవల తాకిడి గురించి చెప్పక్కర్లేదు. అక్కడ మోటారుకు 35 హార్స్‌పవర్ హద్దు ఉండేది. ఆ తర్వాత ఒక వాదన బయల్దేరింది. జనంతో నిండిన పడవ 35 గుర్రాలతో సరిగ్గా లేవలేక, వెనకభాగం ముంచి, ముక్కు పైకెత్తి, పెద్ద అల లేపుకుంటూ పోతుంది. ఆ అల ఒడ్డును కోస్తుంది. ఇంకాస్త బలం ఇస్తే పడవ నీటి మీదికి లేస్తుంది, అల చిన్నదవుతుంది. చివరికి 2008లో హద్దును 50కి పెంచారు, పాతకాలం టూ స్ట్రోకులు పనికిరావన్న షరతుతో. ఒడ్డును కాపాడటానికి గుర్రాలు పెంచారన్నమాట! తమాషా ఏమిటంటే ఆ వాదనలో పస ఉంది. ఈ సంగతి మన ఇసుక కాంట్రాక్టర్ల చెవిన పడకపోతే అదే పదివేలు. రోడ్డు బాగుండాలంటే లారీలో లోడు పెంచాలని జీవో తెప్పించగల సమర్థులు వాళ్లు.

రాళ్లున్న ఏరుల్లో ప్రొపెల్లర్ బతకదని, దాని బదులు నీటిని పీల్చి వెనక్కి చిమ్మే జెట్ పంపు కింద బిగించుకునేవాళ్లున్నారు. 60 గుర్రాల ఇంజిన్‌కి జెట్ పెడితే చేతికొచ్చేవి 40 అని కంపెనీయే రాసిస్తుంది. మిగతా ఇరవై అక్షరాలా నీళ్లపాలు. డబ్బు మాత్రం అరవైకీ తీసుకుంటారు.

ప్రొపెల్లర్ సంగతి తలుచుకుంటేనే నాకు కోపం వస్తుంది. ఎనిమిదా, తొమ్మిది పాయింట్ తొమ్మిదా అని ఆరు నెలలు తర్జనభర్జన పడిన మనిషి, దానికి ఏ ప్రొపెల్లర్ తగులుకుని వచ్చిందో చూడడు. ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరిగితే లెక్కప్రకారం ముందుకు పోవాల్సిన దూరాన్ని పిచ్ అంటారు. అది ఒక అంగుళం మారితే ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు నూటయాభై నుంచి రెండు వందల దాకా మారతాయి. బరువు మోసే పడవకు తక్కువ పిచ్ కావాలి. అదొక్కటి మార్చుకుంటే వచ్చే లాభం కోసం ఇంకో మోటారే కొనేవాళ్లను ఏమనాలి? ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడటం అంటే ఇదే. ఇక చాలా చిన్న మోటార్లలో షియర్ పిన్ అని ఒకటుంటుంది. ప్రొపెల్లర్ రాయికి కొట్టుకుంటే గేర్లు పగలకుండా తాను తెగిపోయే పిన్ను. మోటారు మొత్తంలో త్యాగబుద్ధి ఉన్న భాగం అదొక్కటే. దాని ధర టీ ఖర్చుతో సమానం. అందుకే ఎవరూ స్పేరు పెట్టుకోరు.

టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకా అన్న వివాదంలోకి నేను దిగను. ఆర్‌ఎక్స్ 100 చప్పుడు వినిపిస్తే ఇప్పటికీ వీధిలోకి తొంగిచూసే జాతి మనది. మన తీర్పు నిష్పక్షపాతంగా ఉండదు.

పెద్ద మోటారున్నవాళ్లు పక్కన ఒక చిన్నదాన్ని కూడా తగిలించుకుంటారు, ఆపద్ధర్మానికి. దానికి సర్వీసింగ్ ఉండదు, నూనె మార్చడం ఉండదు, లోపలి పెట్రోలు జిగురుగా మారి ఉంటుంది. పెద్దది మొరాయించిన రోజు దాని ముందు మోకాళ్లమీద కూర్చుని తాడు లాగుతూ ప్రార్థిస్తారు. ఏరు దాటేదాకానే ఓడ మల్లన్న. ఒడ్డు చేరాక మళ్లీ ఏడాది దాకా దానివైపు చూడరు.

వేటకు సంబంధించినంతవరకూ మోటారులో అతి ముఖ్యమైన భాగాన్ని చివరికి ఉంచాను. అది ఇంజిన్ ఆపే ఎర్ర బటన్. అమెరికా ఫెడరల్ నిబంధనల ప్రకారం మోటారు పడవలోంచి బాతుల వంటి వలస పక్షులను కాల్చాలంటే మోటారు పూర్తిగా ఆగి ఉండాలి. దాని ఊపుతో పడవకు వచ్చిన కదలిక కూడా ఆగిపోవాలి. అలాస్కాలో పెద్ద జంతువులకూ ఇంచుమించు ఇదే నియమం. అంటే వేల డాలర్లు పోసి, దశాంశాలు లెక్కపెట్టి, నడుం పట్టేదాకా మోసి తెచ్చిన ఈ యంత్రం, అసలు పని మొదలయ్యే క్షణంలో చచ్చినట్టు పడి ఉండాలి. ఈ కొలమానం ప్రకారం చూస్తే, తెల్లవారుజామున ముప్ఫైసార్లు తాడు లాగినా ఉలకని పలకని పాత మోటారును మించి చట్టాన్ని గౌరవించేది మార్కెట్లో లేదు. అలాంటిది మీ షెడ్డులో ఉంటే సిగ్గుపడి తక్కువ ధరకు అమ్మేయకండి. వేటకు ప్రత్యేకం అని ప్రకటనలో ధైర్యంగా రాసుకోవచ్చు, ఏ కోర్టులోనూ అది అబద్ధం కాదు.